మూడు షిఫ్టుల పందెం

మీరు గోదావరిఖనిలో ఒక కంపెనీ క్వార్టర్ వాకిట్లో కూర్చున్నారు. జూన్ 22, సాయంత్రం ఏడుంబావు. మధ్యాహ్నం పడ్డ జల్లుకు సిమెంటు గచ్చు ఇంకా చల్లగానే ఉంది. వాన వెలిస్తే ఎక్కడైనా మట్టివాసన వస్తుంది. ఇక్కడ దాని వెనకాలే బొగ్గు కాలిన వాసన కూడా వస్తుంది. దూరంగా ఎన్టీపీసీ పొగగొట్టాల మీద ఎర్రదీపాలు వెలిగి ఆరుతున్నాయి. స్టూలు మీద స్టీలు చెంబుకు ఆనించి నా ఫోను. దాని ముందు ప్లాస్టిక్ కుర్చీలో బాపు, బనీను మీద తువ్వాల వేసుకొని. ఓపెన్‌కాస్టులో ముప్పై ఏళ్లు డంపర్ నడిపి దిగిన మనిషి.

"ఎన్ని గంటల సినిమా రా ఇది?"

"ఇరవై నాలుగు గంటల పందెం బాపూ. దొరికిన ముక్కలన్నీ ఏరి వరసగ పెట్టిన."

"ఇరవై నాలుగంటే మూడు షిఫ్టులు."

ఈ పందెం గురించి పదేళ్లుగా చదువుతున్నాను, దొరికిన వీడియో అల్లా చూస్తున్నాను. షిఫ్టుల లెక్క నాకు ఒక్కసారీ తట్టలేదు. ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాడికి తట్టకపోవడం సిగ్గుచేటే.

ఏడున్నర దాకా ఆగుదామన్నాను. దానికి కారణం ఉంది. 1991 జూన్ 22, శనివారం, ఫ్రాన్స్‌లోని ల మాన్‌లో పందెం మొదలైంది అక్కడి సాయంత్రం 4 గంటలకు. అప్పుడు మన గడియారంలో ఏడున్నర. ఇక్కడినుంచి మీకు రెండు గడియారాలు. ఒకటి అక్కడిది. ఇంకోటి ఇక్కడిది, పొద్దున ఏడుకు, మధ్యాహ్నం మూడుకు, రాత్రి పదకొండుకు మనుషులు మారే గడియారం.

ఏడున్నర అయింది. చెంబు పక్కకు జరిపి ఫోను సౌండు పెంచాను.

ఇప్పుడు మీరు ల మాన్‌లో ఉన్నారు. మీ ముందు నుంచి పోతున్న రోడ్డు ఒక చుట్టు తిరిగొస్తే 13.6 కిలోమీటర్లు. అందులో సగానికి పైగా మామూలు రోజుల్లో జనం పాలకూ కూరగాయలకూ తిరిగే రోడ్డే. పందెం కోసం ఆ వారం మూసేస్తారు. హునోడియేర్ అనే పొడుగాటి దారి ఒకప్పుడు వంకర లేకుండా ఆరు కిలోమీటర్లు సాగేది. బళ్లు గంటకు 400 కిలోమీటర్లు అందుకుంటున్నాయని భయపడి అంతకుముందు ఏడే, 1990లో, దానికి రెండుచోట్ల అడ్డమలుపులు పెట్టారు. అయినా 300 దాటుతూనే ఉన్నాయి.

మొదట ప్యూజోలు వస్తాయి. అది వాళ్ల సొంత గడ్డ. జనం లేచి నిలబడ్డారు. వాటి వెనక వెండిరంగు మెర్సిడెస్‌లు, ఊదారంగు జాగ్వార్‌లు. ఆ ఏడు కొత్తగా ఒక నిబంధన పెట్టారు. 3.5 లీటర్ల కొత్తరకం ఇంజను ఉన్న బళ్లకే ముందువరస పది స్థానాలు, మిగతావాళ్లు ఎంత వేగంగా తిరిగినా వాటి వెనకే. అందుకని మీరు వెతుకుతున్న బండి గుంపులో ఎక్కడో ఉంది, 19వ స్థానంలో.

అది కనపడక ముందే వినపడుతుంది.

మిగతా బళ్లది గర్జన. జాగ్వార్ పన్నెండు సిలిండర్ల ఇంజనుది బరువైన గొంతు, గుండె మీద తడుతుంది. ఈ బండిది గొంతే కాదు. కోతమిషన్ పెద్ద దుంగలో దిగినప్పుడు ఒక కూత పుడుతుందే, దాన్ని నాలుగింతలు చేసి, మధ్యలో ఊపిరి తీసుకోకుండా సాగదీస్తే ఎలా ఉంటుందో అలా. చెవుల్లోకి కాదు, పళ్లలోకి పోతుంది. బాపు మొహం చిట్లించుకున్నాడు, ఫోను సౌండు తగ్గించమని మాత్రం అనలేదు.

నారింజ, ఆకుపచ్చ రంగులు కలిసిన గళ్లబట్ట చుట్టినట్టు ఉంటుంది బండి. ఆ రంగులు బట్టల కంపెనీ రెనౌన్‌వే, వాళ్లే డబ్బులిచ్చారు. పక్కన 55 అంకె. మాజ్దా 787బి. జపాన్‌లోని హిరోషిమా నుంచి వచ్చింది.

"దీంట్ల ఎన్ని పిస్టన్లు?" అన్నాడు బాపు. ఏ ఇంజను చూసినా మొదటి ప్రశ్న అదే.

"ఒక్కటి లేదు."

"మజాకా?"

మజాక్ కాదు. లోపలికెళ్లి పల్లికాయ తెచ్చాను. రెండు గింజల కాయ, నడుములో నొక్కినట్టు ఉండేది. ఈ ఇంజను గది అచ్చం ఆ పల్లికాయను నిలువునా కోస్తే కనిపించే ఆకారం. అందులో పిస్టనుకు బదులు మూడు మూలల చక్రం, పక్కలు ఉబ్బిన సమోసా అనుకోండి. ఆ సమోసా గదిలో తిరుగుతున్నప్పుడు దాని మూడు కొనలూ ఎప్పుడూ గోడను తాకుతూనే ఉంటాయి. కొనకూ కొనకూ మధ్య ఉండే ఖాళీ ఒకచోట పెద్దదవుతుంది, గాలీ పెట్రోలూ లోపలికి వస్తాయి. ఇంకోచోట చిన్నదవుతుంది, అవి నలుగుతాయి. అక్కడ నిప్పురవ్వ. పేలుడు చక్రాన్ని తోస్తుంది. చివరికి పొగ బయటికి. పిస్టను పైకీ కిందికీ పోయి ఆగి మళ్లీ తిరగాలి. ఇది ఆగదు, ఒకే దిక్కు తిరుగుతూనే ఉంటుంది. కవాటాల్లేవు, అవి తెరిచి మూసే కడ్డీల్లేవు. పొగ పోయే రంధ్రం నేరుగా గోడలోనే ఉంటుంది. దాన్ని అడ్డుకునేది ఏదీ లేదు గనకే ఆ అరుపు.

ఇలాంటి సమోసాలు నాలుగు, ఒకదాని వెనక ఒకటి, ఒకే ఇరుసు మీద. ఒక్కో గది 654 సీసీ. మొత్తం కలిపితే 2.6 లీటర్లు. మారుతి 800 కారు ఇంజన్లు మూడు కలిపినదానికంటే కాస్త ఎక్కువ. అందులోంచి 700 గుర్రాల బలం. ఒక్కో చక్రానికి మూడేసి స్పార్క్ ప్లగ్గులు. ఇరుసు నిమిషానికి 9000 చుట్లు తిరిగితే లోపలి చక్రం తిరిగేది 3000 చుట్లే, మూడింట ఒక వంతు.

బాపు పల్లికాయను కాసేపు వేళ్ల మధ్య తిప్పాడు. పగలగొట్టి గింజలు నోట్లో వేసుకొని, ఖాళీ డొప్పలోకి చూసి, "కొసలు అరిగిపోవా మరి?" అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్న చుట్టే హిరోషిమాలో ఒక తరం ఇంజనీర్లకు నిద్రలేదు. దాని దగ్గరికి వద్దాం. ముందు పందెం చూడండి.

రాత్రి పదకొండు. మీ ఊళ్లో రెండో షిఫ్టు దిగుతోంది, నైట్ షిఫ్టు ఎక్కుతోంది. అక్కడ ఇంకా ఏడున్నరే, జూన్ నెల గనక ఎండ పోనేలేదు. ప్యూజోల పని ఈపాటికే అయిపోవచ్చింది. ఒకటి ఎప్పుడో ఆగింది, రెండోది రాత్రి ముదరకముందే ఆగుతుంది. సొంత గడ్డ మీద ముందువరసలో నిలబడ్డవాళ్లు. మెర్సిడెస్‌లు మాత్రం గడియారం ముల్లులా పోతున్నాయి.

787బి పిట్‌లోకి, అంటే పెట్రోలుకూ మరమ్మతుకూ ఆగే చోటికి, వస్తోంది. మీరు గోడ అవతల నిలబడి చూడండి, ఇది దగ్గరినుంచి చూడాల్సిన పని. ఇంజను ఆపేశారు. పెట్రోలు పోసేటప్పుడు ఆపాలి, నియమం. ఇప్పటిదాకా మీ పళ్లు జిల్లుమనిపించిన చప్పుడు హఠాత్తుగా పోయింది. ఇప్పుడు వినిపించేది వేడి లోహం చిటపటలాడటం మాత్రమే. బ్రేకు డిస్కుల దగ్గర గాలి వణుకుతోంది. తలుపు పైకి లేచింది. లోపలివాడు బెల్టు విప్పుకుంటూనే ఏదో చెబుతున్నాడు, బయటివాడు హెల్మెట్ వంచి వింటున్నాడు. ఆ చెప్పేది వినపడదు మనకు. ఏం చెబుతున్నాడు?

"ఏం చెప్తడు?" అన్నాడు బాపు. "బ్రేకు ఎట్లున్నదో చెప్తడు. ఎడమ దిక్కు గుంజుతున్నదో లేదో చెప్తడు. ఏ మలుపు కాడ జారుతున్నదో చెప్తడు. ఇంకేం చెప్తడు, వాని పెండ్లాం ముచ్చట్లా?"

డంపర్ అప్పగించేటప్పుడు చెప్పుకునేవి ఇవేనట. షవల్ దగ్గర నీళ్లు నిలిచినయ్, చూసుకో. వెనక టైరుకు రాయి తగిలింది, గాలి దిగుతున్నదేమో చూడు. పైకి ఎక్కేటప్పుడు పొగ నల్లగ వస్తున్నది. ఇవి చెప్పకుండా మస్టర్ ఆఫీసుకు ఉరికినోడు ఆపరేటరే కాదని బాపు నమ్మకం. అట్లాంటోడి తర్వాత బండి ఎక్కడమంటే కళ్లకు గంతలు కట్టుకొని ఎక్కినట్టేనంటాడు.

ఈ కారుకు ముగ్గురు డ్రైవర్లు. జర్మనీ నుంచి ఫోల్కర్ వైడ్లర్. ఇంగ్లండ్ నుంచి జానీ హెర్బర్ట్. బెల్జియంకు చెందిన బెర్ట్రాండ్ గాషో. ముగ్గురివీ కుర్రవయసులే. హెర్బర్ట్ 1988లో బ్రాండ్స్ హాచ్‌లో ఘోరమైన ప్రమాదంలో రెండు పాదాలూ నుజ్జయి, నడుస్తాడో లేదో అనుకున్నవాడు. గాషో కథ వేరు. ఈ పందెం అయిన రెండు నెలలకే లండన్‌లో జైలుకు పోతాడు. అంతకుముందు ఒక టాక్సీవాడితో గొడవపడి మొహం మీద గ్యాసు కొట్టినందుకు శిక్ష. ఫార్ములా వన్‌లో అతని సీటు ఖాళీ అవుతుంది. ఆ సీట్లోకి ఎక్కే కుర్రాడు ఇప్పుడు ఇదే ల మాన్‌లో, ఒక మెర్సిడెస్‌లో ఉన్నాడు. వయసు 22. పేరు మైకేల్ షూమాకర్. ఇవాళ ఈ మైదానంలో అతని పేరు తెలిసినవాళ్లు చాలా తక్కువ.

నూరు లీటర్ల ట్యాంకు నిండింది. తలుపు పడింది. ఇంజను మళ్లీ అరిచింది.

ఆ నూరు లీటర్ల దగ్గర ఒక్క నిమిషం. ఈ పందెంలో వేగం ఒక్కటే లెక్క కాదు. 24 గంటలకూ కలిపి ఈ బండికి 2550 లీటర్లు, అంతే. అది అయిపోతే రోడ్డు పక్కన ఆగాల్సిందే. ఈ నారింజ బండి గెలిచేనాటికి తిరిగే దూరాన్ని ఆ లెక్కతో భాగిస్తే లీటరుకు రెండు కిలోమీటర్లకు కొంచెం తక్కువ. నిండిన ట్యాంకు 14 చుట్లకు సరిపోతుంది, యాభై నిమిషాలకు కాస్త అటూఇటూ. మళ్లీ పిట్. మళ్లీ 14. రాత్రంతా ఇంతే.

బాపు లేచి లోపలికి పోయాడు. ట్రంకుపెట్టె మూత చప్పుడు. చేతిలో చిన్న డైరీలు నాలుగైదు, రబ్బరుబ్యాండు చుట్టినవి. 1991ది తీశాడు. రబ్బరు ఎప్పుడో కరిగి అట్టకు అంటుకుపోయింది. జూన్ 22 దగ్గర పెన్సిలుతో: నై.షి. 19.

నైట్ షిఫ్టు, 19 ట్రిప్పులు.

అదే రాత్రి. షవల్ దగ్గర నింపుకోవడం, మట్టి గుట్ట దాకా ఎక్కడం, కుమ్మరించడం, దిగడం. నీళ్ల ట్యాంకరు తడిపిపోయిన దారి మీద, రెండు లైట్ల వెలుగులో. నాకప్పుడు ఎనిమిదేళ్లు, మంచం మీద పడుకొని ఉంటాను. బాపు డంపర్ దారిలో ఏడెనిమిది మలుపులుంటాయట. ప్రతి మలుపూ దానికో పేరు, ఆపరేటర్లే పెట్టుకున్నవి. అక్కడా అంతే. డన్‌లప్ వంతెన, టెర్ట్ర్ రూజ్, ఆర్నాజ్, ఒక మలుపుకైతే ఇండియానాపొలిస్. మనుషులు ఒకే దారిలో వెయ్యిసార్లు తిరిగితే దానికి పేర్లు వాటంతటవే వస్తాయి.

ఇప్పుడు ల మాన్‌లో చీకటి. ఇక్కడ మీరు దారి పక్కన చెట్ల మధ్య నిలబడండి. వెనక జాతర, రంగులరాట్నం దీపాలు. ముందు నల్లటి దారి. తెల్లటి వెలుగు దూరంగా చిన్న చుక్కలా పుడుతుంది. కూత మొదలవుతుంది. చుక్క రెండవుతుంది. మీరు తల తిప్పేలోపే గాలి మిమ్మల్ని వెనక్కి తోసి పోయింది. మిగిలింది మలుపు దగ్గర గేరు తగ్గించేటప్పుడు పొగగొట్టంలోంచి ఎగసిన నీలిమంట. అది కూడా రెండు క్షణాలు. ఆ అరుపును గంటలు గంటలు చెవుల్లో పెట్టుకొని లోపల ఒక మనిషి కూర్చుని ఉంటాడు. ముగ్గురిలో వైడ్లర్‌కు చెవుల్లో హోరు పట్టుకొని పోనేలేదు. ఏడాది తిరిగేసరికి అతను పందేలే మానుకోవాల్సి వచ్చింది. డ్రిల్లు పట్టిన చేతులున్న ఈ ఊళ్లో చెవుల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు అరుగుడు సంగతి.

హిరోషిమా అనగానే మనకు తెలిసేది 1945 ఆగస్టు 6 ఒక్కటే. మాజ్దా వాళ్ల ఫ్యాక్టరీకీ ఆ ఊరి నడిబొడ్డుకూ మధ్య హిజియామా అనే చిన్న గుట్ట ఉంది. ఆ గుట్ట అడ్డంపడి ఫ్యాక్టరీ చాలావరకు నిలిచింది. బాంబు తర్వాత జిల్లా ప్రభుత్వం ఆఫీసు పెట్టుకోను వేరే కప్పు లేక కొన్నాళ్లు ఆ కంపెనీ భవనంలోనే నడిచింది. ఆ ఏడు డిసెంబరుకల్లా కంపెనీ మళ్లీ బళ్లు చేయడం మొదలుపెట్టింది. కార్లు కావు. మూడు చక్రాల ట్రాలీలు, మన చౌరస్తాలో బియ్యం బస్తాలు మోసే ట్రాలీ ఆటోల్లాంటివి.

ఆ కంపెనీ పుట్టుక కార్క్ బెరడు వ్యాపారంతో, 1920 జనవరిలో. అదే ఏడు డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ పుట్టింది. ఏటా ఆ రోజు మనం జెండా ఎగరేసుకుంటాం. ఈ రెండింటికీ సంబంధమేమీ లేదు. అయినా చదివిన రోజు ఎవరికో ఒకరికి చెప్పాలనిపించి బాపుకు చెప్పాను. "మనకంటె పదకొండు నెలలు పెద్దది," అన్నాడు, పక్కింటివాళ్ల వయసు చెప్పినట్టు.

మూడు మూలల ఇంజను ఆలోచన ఫెలిక్స్ వాంకెల్ అనే జర్మన్‌ది. 1961లో మాజ్దా హక్కులు కొనుక్కుంది. కొన్న తర్వాత తెలిసింది, కాయ లోపలి గోడ మీద కొనలు రాసుకొని అలలు అలలుగా చారలు పడతాయని, ఆ చారల్లోంచి ఒత్తిడి జారిపోతుందని. వాళ్లు దానికి పెట్టుకున్న పేరు దెయ్యం గోటిగీతలు. యమమోతో కెనిచి అనే ఇంజనీరు కింద 47 మందిని ఈ పని మీద పెట్టారు. జపాన్‌వాళ్ల పాతకథలో యజమాని పగ తీర్చుకున్న వీరులు 47 మంది, అందుకని వీళ్లకూ అదే పేరు అంటుకుంది. ఎన్నో రకాల లోహాలు, ఎన్నో ఆకారాలు మార్చి చూసి, చివరికి కార్బన్‌తో అల్యూమినియం కలిపిన కొనపట్టీతో గీతలు మాయమయ్యాయి. 1967లో కాస్మో స్పోర్ట్ అనే కారు అమ్మకానికొచ్చింది.

కారు నడుస్తుందని చూపించడానికి ఎక్కడికి తీసుకెళ్లారనుకున్నారు? 1968లో జర్మనీలోని న్యూర్‌బుర్గ్‌రింగ్‌కు, 84 గంటల పందేనికి. 24 కాదు, 84. మూడున్నర రోజులు. రెండు కార్లు తీసుకెళ్లారు. ఒకటి 82వ గంటలో ఇరుసు విరిగి ఆగింది. రెండోది నాలుగో స్థానంలో గమ్యం చేరింది. నన్నడిగితే 1991 గెలుపు కంటే ఆ 82వ గంటే ఎక్కువ బాధపెడుతుంది. ఇంకో రెండు గంటలు.

ఈ ఇంజనుతో జపాన్ బండి ల మాన్‌లో మొదటిసారి 1973లో పరుగెత్తింది, దాని పేరు సిగ్మా. పూర్తిచేయలేదు. తర్వాత చమురు సంక్షోభం. రోటరీ పెట్రోలు ఎక్కువ తాగుతుందని కొనేవాళ్లు తగ్గిపోయి కంపెనీయే మునిగే పరిస్థితి. 1979లో తిరిగొస్తే అర్హత పరీక్షే దాటలేదు. 1983లో చిన్నబళ్ల తరగతిలో గెలుపు. తర్వాత 757, 767, 787 అని బండి పేర్లలో అంకెలు మారుతూ వచ్చాయి, పైవరసకు చేరడం మాత్రం కాలేదు. ఏడో స్థానం రెండుసార్లు వచ్చింది, అదే గొప్ప. 1990లో కొత్త 787లు రెండూ మధ్యలోనే ఆగిపోయాయి. తెరదా యోజిరో అనే డ్రైవరు 1974 నుంచి వీళ్లతో ఉన్నాడు. ఇవాళ కూడా ఉన్నాడు, పక్కనున్న పాత 787లో.

"పదిహేడు, పద్దెనిమిదేండ్లు," అన్నాడు బాపు. "మనదగ్గర గిన్నేండ్లు ఉత్పత్తి రాకుంటె బాయి మూసేద్దురు."

పొద్దున ఏడు. మొదటి షిఫ్టు ఎక్కే వేళ. అక్కడ తెల్లవారుజాము మూడున్నర. ఎవరైనా తప్పుచేస్తే ఈ వేళలోనే చేస్తారు, మీకు నైట్ షిఫ్టు అనుభవముంటే చెప్పనక్కరలేదు. కళ్లు తెరుచుకొనే నిద్రపోయే గంట. మెర్సిడెస్‌ల్లో ఒకటి ఇంజను పోయి ఆగుతుంది, షూమాకర్ బండికి గేర్‌బాక్సు తిప్పలు. జాగ్వార్‌లది వేరే బాధ. వాటి పెద్ద ఇంజనుకు పెట్రోలు లెక్క సరిపోవడం లేదు, కాలు నొక్కితే చివర్లో ట్యాంకు ఖాళీ. పైగా అవి 1000 కిలోల బరువుండాలి. మాజ్దాకు 830 కిలోలు చాలు. జట్టు పెద్ద ఒహాషి తకయోషి ముందే పాలకమండలితో కూర్చొని ఒప్పించుకున్న రాయితీ అది. మీ బండి ఎలాగూ గెలవదు కదా అన్నట్టు మిగతావాళ్లు పట్టించుకోలేదు. కాగితం మీద గెలిచిన ఆ 170 కిలోలు రోడ్డు మీద ప్రతి మలుపులోనూ వడ్డీతో తిరిగొస్తున్నాయి. బ్రేకులు తక్కువ అరుగుతాయి, టైర్లు తక్కువ అరుగుతాయి, పెట్రోలు మిగులుతుంది. దీన్ని మోసమనేవాళ్లున్నారు. నేననను. నిబంధనల పుస్తకం చదవడం కూడా పందెంలో భాగమే.

ఇంకో పెద్దమనిషిని కూడా తెచ్చుకున్నారు. జాకీ ఇక్స్. ల మాన్‌ను ఆరుసార్లు గెలిచిన బెల్జియన్, ఈసారి సలహాదారు.

తెల్లారింది. పొగమంచు విడిపోయింది. నారింజరంగు మీద ఇప్పుడు నూనె, దుమ్ము, పురుగులు. ముందు అద్దం మీద చేత్తో తుడిచిన గీతలు. కూత మాత్రం నిన్న సాయంత్రం ఎలా ఉందో అలానే ఉంది. అరపావు స్వరం తగ్గలేదు.

"ఇయ్యాల ఆదివారం గదా వాళ్లకు. ప్లేడే. డబుల్ జీతం ఇస్తరా?"

"ఏమో బాపూ."

"అడగాలె."

మధ్యాహ్నం మూడు. రెండో షిఫ్టు ఎక్కింది. మెర్సిడెస్ ఒకటో నంబరు బండి ముందుంది, చుట్ల తేడా ఉంది. దాని వెనక 55. మన గడియారంలో నాలుగున్నర కావస్తుండగా మీ పక్కన కూర్చున్న ఫ్రెంచివాడు లేచి నిలబడ్డాడు. అతని వెనక ఇంకొకడు. మెర్సిడెస్ పిట్‌లోకి వచ్చింది, రావాల్సిన వేళ కాదు. ఇంజను మీది మూత తీశారు. ఆవిరి. వెండిరంగు చొక్కాల మెకానిక్కులు వంగారు, లేచారు, మళ్లీ వంగారు. నీళ్లు తిరగక ఇంజను ఉడికిపోయింది. అయిపోవడానికి ఇంకా మూడు గంటలే ఉంది. ఇరవై ఒక్క గంటలు గడియారంలా నడిచిన బండిని నలుగురు చేత్తో వెనక్కి తోస్తున్నారు.

55 ముందు ఇప్పుడు ఎవరూ లేరు.

బాపు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. నేను మాట్లాడలేదు.

ఇక్కణ్నుంచి జరిగేది చూడ్డానికేమీ ఉండదు. అందులోనే ఉంది అసలు సంగతి. బండి వస్తుంది, పోతుంది. చుట్టుకు నాలుగు నిమిషాలకు లోపు. వెనక మూడు జాగ్వార్‌లు, రెండు చుట్ల దూరంలో మొదటిది. వేగం పెంచితే పెట్రోలు చాలదు, తగ్గిస్తే జాగ్వార్ అందుకుంటుంది. చివరి భాగం హెర్బర్ట్ చేతిలో ఉంది. అతను పిట్‌కు వచ్చాడు, పెట్రోలు పోశారు. దిగాల్సిన వేళ. దిగలేదు. అన్నీ బాగా నడుస్తున్నప్పుడు మనిషిని మార్చి లయ చెడగొట్టుకోవడం ఎందుకనుకున్నారు. అతన్నే పొమ్మన్నారు. రాత్రి తిన్న తిండి పడక కడుపు చెడి ఉంది. లోపల ఉక్క. నీళ్లు లేవు.

"రిలీవర్ రాలేదన్నమాట," అన్నాడు బాపు నెమ్మదిగా. "డబుల్ డ్యూటీ."

సాయంత్రం ఏడున్నర, మన లెక్క. అక్కడ నాలుగు. గళ్లజెండా. 362 చుట్లు, 4,922.81 కిలోమీటర్లు. జనం కంచెలు దూకి దారి మీద పడ్డారు, బండి మనుషుల మధ్య నడకలా కదులుతోంది. జపాన్ బండి ల మాన్ గెలవడం అదే మొదలు. పిస్టన్లు లేని ఇంజను గెలవడం అదే మొదలు, ఇప్పటికీ అదొక్కటే.

తలుపు తెరుచుకుంది. హెర్బర్ట్ బయటికొచ్చాడు, రెండడుగులు వేశాడు, మోకాళ్లు వంగాయి. పట్టుకొని వైద్యుల దగ్గరికి మోసుకుపోయారు. పైన వేదిక మీద పూలూ షాంపేనూ పట్టుకొని ఇద్దరే నిలబడ్డారు, వైడ్లర్, గాషో. గెలిచిన బండిని గీత దాటించినవాడు ఆ వేదిక ఎక్కలేదు. ఇరవై ఏళ్ల తర్వాత 2011లో అదే బండిని ల మాన్‌కు తెచ్చి, కొన్ని చుట్లు తిప్పి, అప్పుడు వేదిక ఎక్కాడు. అప్పటికి జుట్టు పలచబడింది.

మాజ్దా గెలిచిందన్న కోపంతోనే మర్నాటి ఏడు రోటరీ ఇంజన్లను నిషేధించారని అభిమానులు చెప్పుకుంటారు. నేనూ కొన్నాళ్లు అందరికీ అదే చెప్పాను. నిజం అంత కమ్మగా లేదు. 3.5 లీటర్ల పిస్టన్ ఇంజన్లకే మారాలన్న నిర్ణయం అంతకుముందే అయిపోయింది, 1991 వాళ్లకు మిగిలిన చివరి అవకాశం. అది తెలిసే వచ్చారు.

వీడియో అయిపోయింది. వీధిలో సైకిలు బెల్లు, మోటారుసైకిళ్లు. రెండో షిఫ్టు దిగినవాళ్లు ఇళ్లకొస్తున్నారు. బాపు ఫోను వంక చూస్తూనే ఉన్నాడు.

"అయినంక ఇంజను విప్పిన్రా?"

విప్పారు. పందెం తర్వాత దాన్ని విడదీసి చూశారు. మూడు షిఫ్టులు 700 గుర్రాల పని చేసిన ఇంజను, లోపల ఇంకో పందేనికి పనికొచ్చేట్టుంది.

"కొసలు?"

"బాగనే ఉన్నయట."

బాపు తలూపాడు. కుర్చీ కిందున్న పల్లిడొప్ప తీసి మళ్లీ ఒకసారి చూశాడు. పక్కింటి కుర్రాడు టిఫిన్ బాక్సు ఊపుకుంటూ గేటు దగ్గర ఆగాడు, మొహం మీద ఇంకా బొగ్గు మసి.

"గదేం చప్పుడు పెద్దయ్యా, సందు మొగదాక వినొచ్చింది?"

"ఇటు రా బిడ్డా, కూసో," అన్నాడు బాపు, డొప్ప చేతిలో పట్టుకొనే. "పల్లికాయ చూసినవా ఎప్పుడన్న, సక్కగ?"